"అదే మందు, పవర్ ఎక్కువ" అని మహాయోగరాజ గుగ్గులు ఇచ్చారు, వాడొచ్చా?

ప్రశ్న: నమస్తే మేడం. మా అత్తమ్మకు 63 ఏళ్లు. మోకాళ్ల నొప్పులు నాలుగైదేళ్ల సంది ఉన్నయి, ఎక్స్‌రే తీసిన డాక్టర్ అరుగుదల అన్నడు. బీపీకి, గుండె దడకి డిల్టియాజెం, పొద్దున థైరాయిడ్ గోలీ, రాత్రి ఎకోస్ప్రిన్ వేసుకుంటది. తెలిసిన ఆయుర్వేదం డాక్టర్ ఒకాయన యోగరాజ గుగ్గులు రాసిచ్చిండు, మూడు నెలలు వాడింది, కొంచెం మంచిగనే ఉంది అంటది. పోయిన నెల షాపుల అది లేదని మహాయోగరాజ గుగ్గులు ఇచ్చిండ్రు, "అదే మందు, ఇంకా పవర్ ఎక్కువ" అన్నరట. అప్పటి సంది అదే వేసుకుంటుంది. ఇప్పుడు మా ఆయన గుగ్గులు కొలెస్ట్రాల్ తగ్గిస్తదట అని స్టాటిన్ గోలీ బంద్ చేసి ఇదే వేసుకుంట అంటుండు. మా ఆడబిడ్డ న్యూజెర్సీల ఉంటది, ఐదో నెల, నడుం నొప్పి అంటే రెండు డబ్బాలు తెలిసినోళ్లతోని పంపుదాం అంటుంది అత్తమ్మ. అంతా చెట్ల మందే గదా ఏం కాదు అంటున్నరు అందరు. నాకే భయమైతుంది. నేను భయపడుడు తప్పా? - ఒక కోడలు, హనుమకొండ

సమాధానం: తప్పేం కాదమ్మా. ఇంట్లో అందరూ ఏం కాదు ఏం కాదు అంటున్నప్పుడు డబ్బా వెనక్కి తిప్పి చదివేవాళ్ళు ఒకరైనా ఉండాలి, మీ ఇంట్లో అది మీరు. వివరాలు మెల్లగా మాట్లాడుకుందాం, ముందు ఇవ్వాళే చెయ్యాల్సినవి చెప్పేస్తా. న్యూజెర్సీకి డబ్బాలు పంపొద్దు, ఒక్కటి కూడా, ఎవరి సూట్‌కేసులోనూ పెట్టొద్దు. అత్తమ్మగారి మహాయోగరాజ ఇవ్వాళ్టి నుంచే ఆపేయండి, సడన్‌గా మానేస్తే ఏదో అయిపోయే రకం మందు కాదది, కాబట్టి రేపు డాక్టర్‌ని అడిగి ఆపుదాంలే అని కూర్చోనక్కర్లేదు. మీ ఆయన స్టాటిన్, అంటే కొలెస్ట్రాల్ మాత్ర, మాత్రం ఆపకూడదు, ఒకవేళ ఆల్రెడీ ఆపేసి ఉంటే రాసిన డాక్టర్‌కి ఫోన్ చేసి మళ్ళీ మొదలుపెట్టమనండి. ఈ మూడూ అయ్యాక మిగతాది తీరిగ్గా చదవండి, కొంచెం పెద్దగానే రాస్తున్నా ఎందుకంటే మీరు అడిగింది ఒక మందు గురించే అయినా ఇంట్లో ముగ్గురు మనుషులు, ముగ్గురికీ మూడు వేర్వేరు సమాధానాలు.

షాపులో అన్నారే "అదే మందు, పవర్ ఎక్కువ" అని, గొడవంతా ఆ మాటలోనే ఉంది. అదే మందు కాదు. యోగరాజ గుగ్గులులో వేసేవి సగం మీ పోపులపెట్టెలోవే, వాము, జీలకర్ర, ధనియాలు, యాలకులు, దాల్చినచెక్క, శొంఠి, మిరియాలు, వాటికి తోడు పిప్పళ్ళు, మోడి, చిత్రమూలం, వాయువిడంగాలు, దేవదారు, తుంగముస్తలు, పల్లేరుకాయలు, వట్టివేరు, సన్నరాష్ట్రం, కరక్కాయ తానికాయ ఉసిరికాయ మూడూ, కొంచెం సైంధవ లవణం, ఇంకా కొన్ని ఉంటాయి, ఇవన్నీ పొడిచేసి ఆ పొడి మొత్తం ఎంత బరువు తూగిందో అంత బరువు గుగ్గులు, అంటే ఒక ముళ్ళ పొద బంక, వేసి నెయ్యి చేర్చి దంచి మాత్రలు కడతారు. అంటే మందులో దాదాపు సగం గుగ్గులే. పాత గ్రంథాల్లో ఆమవాతానికీ (కీళ్ళు వాచి నొప్పి పుట్టే జబ్బు) వాత నొప్పులకీ చెప్పిన మందు, మన దగ్గర ఏ ఆయుర్వేదం షాపుకి వెళ్ళినా దొరుకుతుంది. మహాయోగరాజకి పునాది దాదాపు ఇలాంటి సరుకే, కానీ దాని పైన భస్మాలు చేరతాయి, గ్రంథం ప్రకారం చేస్తే ఏడు రకాలు, వంగ భస్మం అంటే తగరం, రజత భస్మం అంటే వెండి, లోహ భస్మం ఇనుము, మండూర భస్మం ఇనుప చిట్టెం, అభ్రక భస్మం మైకా, ఇక మిగిలిన రెండూ నాగ భస్మం, రససిందూరం. నాగం అంటే సీసం. రససిందూరం పాదరసం, గంధకం కలిపి చేసేది. పేరు ముందు మహా అని ఉంటే మనవాళ్ళు చిన్న ప్యాకెట్ పెద్ద ప్యాకెట్ లాగా అనుకుంటారు, స్ట్రాంగ్ అనుకుంటారు, షాపాయన కూడా అదే అనుకుని ఉంటాడు పాపం. అక్కడ మారింది పవర్ కాదు, సరుకే మారింది. చెట్ల మందు అనే మాట మొదటి దానికి చెల్లుతుంది, రెండో దానికి చెల్లదు.

ఇక్కడ వైద్యుల వైపు మాట కూడా చెప్పాలి లేకపోతే అన్యాయం అవుతుంది. భస్మం అంటే పచ్చి సీసం గీకి కలిపేయడం కాదు, శుద్ధి చేసి, మూలికల రసాలతో నూరి, పుటాలు పెట్టి పెట్టి, అంటే మూసి నిప్పుల్లో మళ్ళీ మళ్ళీ కాల్చి, బూడిద చేస్తారు, నీళ్ళ మీద తేలాలి, వేలి గీతల్లో దూరాలి అని పరీక్షలున్నాయి, దాన్ని మనిషిని చూసి మోతాదు లెక్కపెట్టి కొద్దికాలమే ఇస్తారు, పథ్యం పెడతారు. సరిగ్గా చేసిన భస్మం ఏం చేయదు అని వాళ్ళ నమ్మకం. నా మాట ఏంటంటే, ఎన్ని పుటాలు పెట్టినా సీసం సీసం కాకుండా పోదు, రూపం మారుతుంది, కడుపులోకి వెళ్ళాక అందులో ఎంతో కొంత రక్తంలోకి వస్తుంది, ఇలాంటి మందులు వాడినవాళ్ళ రక్తంలో సీసం లెక్కకి మించి దొరికిన కేసులు మన దేశంలోనూ బయటా డాక్టర్లు చాలాసార్లు రాశారు. పైగా మీ ఇంట్లో జరిగింది వైద్యుడు మనిషిని చూసి ఇవ్వడం కూడా కాదు కదా, స్టాక్ లేక షాపువాళ్ళు మార్చేశారు. ఆయుర్వేదాన్ని గట్టిగా నమ్మేవాళ్ళైనా దీన్ని ఒప్పుకోరు, మీ అత్తమ్మకి రాసిచ్చిన ఆ డాక్టర్‌నే అడిగి చూడండి, ముందు ఆయనకే కోపం వస్తుంది.

అత్తమ్మగారు నెల వేసుకున్నారు కాబట్టి కంగారు పడొద్దు గానీ ఒకసారి రక్తంలో సీసం టెస్ట్ చేయించడం మంచిది, బ్లడ్ లెడ్ అని అడగండి, పెద్ద ల్యాబ్‌లు శాంపిల్ తీసుకుని బయటికి పంపి చేయిస్తాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 గైడ్‌లైన్ ప్రకారం డెసిలీటర్‌కి 5 మైక్రోగ్రాములు, ఆ పైన ఉంటే ఆ సీసం ఎక్కడి నుంచి వస్తోందో వెతికి ఆపాలి, మీ కేసులో వెతకడానికి పెద్ద కష్టం లేదు అనుకోండి. ఈ నెలలో ఆవిడకి కడుపులో మెలిపెట్టినట్టు నొప్పి, మలబద్ధకం, తిండి సయించకపోవడం, ఎప్పుడూ లేని నీరసం, చేతుల్లో పట్టు తగ్గడం ఇలాంటివి ఏమైనా వచ్చాయా గుర్తు చేసుకోమనండి. వయసైపోయింది అందుకే అని పక్కన పెట్టేసేవన్నీ ఇవే. వస్తే మాత్రం టెస్ట్ తప్పనిసరి, దాంతోపాటు హిమోగ్లోబిన్, క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష) కూడా చూపించండి, ఎందుకంటే సీసం రక్తాన్ని తగ్గిస్తుంది, సీసం పాదరసం రెండూ కిడ్నీ మీద పడతాయి.

ఆడబిడ్డగారి సంగతి. 2011, 2012 లో న్యూయార్క్ సిటీలో గర్భిణీలకి చేసే సీసం పరీక్షల్లో ఆరుగురికి లెక్క బాగా ఎక్కువ వచ్చింది, వెతికితే అందరూ ఇండియా నుంచి వచ్చిన ఆయుర్వేద మాత్రలు వాడుతున్నవాళ్ళే, ఇది అక్కడి ప్రభుత్వ ఆరోగ్య శాఖ అప్పట్లో పబ్లిష్ చేసిన రిపోర్టే. మన ఇంట్లోలాగే అక్కడా ప్రేమతోనే పంపి ఉంటారు ఎవరో ఒకరు. సీసం మాయ (ప్లాసెంటా) దాటి బిడ్డకి చేరుతుంది, బిడ్డ మెదడు తయారయ్యే టైంలో దానికి ఇంత వరకు ఫర్వాలేదు అనే గీత ఏదీ లేదు. ఇంకో చిక్కేంటంటే సీసం ఎముకల్లో ఏళ్ళ తరబడి దాక్కుంటుంది, బిడ్డ కోసం ఒంట్లో కాల్షియం కదిలేటప్పుడు అది కూడా బయటికి వస్తుంది, అందుకే పిల్లలు కావాలనుకునే వయసులో ఉన్న ఆడవాళ్ళకి భస్మాల మందులు అసలు అలవాటు చేయకూడదు. మామూలు యోగరాజ పంపొచ్చా అంటారేమో, అదీ వద్దు, గర్భంతో ఉన్నప్పుడు గుగ్గులు సేఫ్ అని చెప్పే ఆధారం లేదు, ఆయుర్వేద డాక్టర్లు కూడా మామూలుగా గర్భిణీలకి ఇవ్వరు. ఐదో నెలలో నడుం నొప్పి చాలామందికి వస్తుంది, అక్కడి డాక్టర్‌కి చెప్తే ఫిజియోకి పంపుతారు, పక్కకి తిరిగి మోకాళ్ళ మధ్య దిండు పెట్టుకుని పడుకోవడం, ఎక్కువసేపు నిలబడకపోవడం, మరీ నొప్పిగా ఉంటే డాక్టర్ చెప్పిన మాత్ర, అంతే. నడుం నొప్పితో పాటు రక్తం కనపడినా, నొప్పి అలలు అలలుగా వచ్చిపోతున్నా ఆగకుండా హాస్పిటల్‌కి వెళ్ళాలి, అది నడుం నొప్పి కాకపోవచ్చు. ఇంతకుముందు ఎప్పుడైనా ఇంటి నుంచి ఇలాంటివి పంపించి ఆవిడ వేసుకుని ఉంటే దాచొద్దని చెప్పండి, అక్కడి డాక్టర్‌కి పేరుతో సహా చెప్తే ఒక రక్త పరీక్షతో తేలిపోతుంది.

ఇప్పుడు అసలు యోగరాజ గుగ్గులు. మూడు నెలలు వాడితే మంచిగా ఉందన్నారు, ఉండొచ్చు, నేను కాదనను. అరిగిన మోకాలికి గుగ్గులు మీద చేసిన పరిశోధనలు తక్కువ, 2003లో 30 మంది మీద చేసిన ఒక స్టడీలో 500 మిల్లీగ్రాములు రోజుకి మూడుసార్లు ఇస్తే నొప్పీ నడకా బాగుపడ్డాయని వచ్చింది, కాకపోతే అందులో ఉత్తుత్తి మాత్రతో పోల్చి చూడలేదు. మోకాళ్ళ నొప్పి ఎలాంటిదంటే ఒక నెల ఎక్కువ, ఒక నెల తక్కువ, చలికాలం ఒకలా ఎండాకాలం ఒకలా ఉంటుంది, ఏం వేసుకోకపోయినా కొంతమందికి తగ్గినట్టు అనిపిస్తుంది, అందుకే పోల్చి చూడని స్టడీ మీద మరీ బరువు పెట్టలేం. ల్యాబుల్లో వాపు తగ్గించే గుణం కనపడింది అది నిజమే. మొత్తంగా కొంచెం ఉపయోగపడొచ్చు, అరిగిన గుజ్జుని తిరిగి తెప్పించదు, అలా తెప్పిస్తుందని ఎవరైనా చెప్తే ఆ మనిషిని పట్టించుకోవద్దు.

కానీ మీ అత్తమ్మగారి విషయంలో నాకు డిల్టియాజెం దగ్గరే గుండె గుబేలుమంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకి గుగ్గులు సారం ఒక డోసు ఇచ్చి పక్కన డిల్టియాజెం ఇస్తే రక్తంలోకి ఎక్కాల్సినంత డిల్టియాజెం ఎక్కలేదని 1990లలోనే మన దేశంలో చేసిన పరిశోధనలో తేలింది, ప్రొప్రనలాల్ అనే ఇంకో బీపీ మందుకి కూడా ఇదే. అంటే ఆవిడ బీపీ మాత్ర టైంకి వేసుకుంటూనే ఉంటారు, అది సగమే పని చేస్తుండొచ్చు, పెద్ద తేడా కనపడదు, దడ ఎక్కువైతే ఎండల వల్ల అనుకుంటారు. ఈ మూడు నాలుగు నెలల్లో బీపీ ఎంతుందో ఎవరైనా చూశారా? చూడకపోతే ఈ వారం రోజూ ఒకే టైంకి చూసి కాయితం మీద రాయండి, పల్స్ కూడా. గుగ్గులు ఆపేశాక బీపీ మాత్ర మళ్ళీ పూర్తిగా ఎక్కడం మొదలైతే బీపీ, పల్స్ మునుపటికన్నా తగ్గొచ్చు కూడా, మధ్యలో ఎవరైనా డాక్టర్ డోసు పెంచి ఉంటే ఇది ఇంకా ముఖ్యం, కళ్ళు తిరుగుతున్నాయి అంటే వెంటనే చూపించండి.

థైరాయిడ్ గోలీకీ గుగ్గులుకీ కూడా కొంచెం లంకె ఉంది, ఎలకల్లో గుగ్గులు థైరాయిడ్‌ని ఎక్కువ పని చేయించిందని పాత పరిశోధనలున్నాయి, కాంచనార గుగ్గులు అనే ఇంకో మందుని థైరాయిడ్‌కి అని అమ్ముతుంటారు కూడా. మనుషుల్లో అంత గట్టి రుజువు లేదు గానీ ఆవిడకి టీఎస్‌హెచ్ (థైరాయిడ్ రక్త పరీక్ష) చూపించి ఎన్నాళ్ళైందో చూసి, గుగ్గులు ఆపిన ఆరేడు వారాలకి ఒకసారి చేయించండి. ఏ మందైనా సరే పొద్దున థైరాయిడ్ గోలీతో కలిపి మింగొద్దు, అది ఒక్కటే ఖాళీ కడుపుతో, అరగంట గంట తర్వాతే టీ అయినా. ఇక ఎకోస్ప్రిన్ రక్తం పల్చన ఉంచే మందు, గుగ్గులుకీ కొంత ఆ గుణం ఉందంటారు, చిగుళ్ళ నుంచి రక్తం, ఊరికే కమిలిన మచ్చలు, నల్లటి విరేచనం కనపడితే ఆగొద్దు. పన్ను పీకించుకోవాలన్నా ఆపరేషన్ అన్నా గుగ్గులు వాడుతున్నట్టు ముందే చెప్పాలి, మనవాళ్ళు ఇంగ్లీషు మందుల లిస్టు చెప్తారు గానీ ఆయుర్వేదం మందు అనేది లిస్టులో రాదు, అడిగితే "అది మందు కాదు కదండీ, గుగ్గులు" అంటారు.

విడిగా గుగ్గులు వల్ల వచ్చే ఇబ్బందుల్లో ఎక్కువగా కనపడేవి కడుపు మంట, విరేచనాలు, తలనొప్పి, ఒంటి మీద దద్దుర్లు. దద్దుర్లు వస్తే వేడి చేసిందని మజ్జిగ తాగి ఊరుకోకుండా మందు ఆపాలి. చాలా అరుదుగా కండరాలు దెబ్బతిన్న కేసు, లివర్ దెబ్బతిన్న కేసులు రిపోర్ట్ అయ్యాయి, కండరాల నొప్పితో పాటు మూత్రం టీ డికాక్షన్ రంగులో వస్తే, లేదా కళ్ళు పచ్చబడితే అది అదే రోజు హాస్పిటల్‌కి వెళ్ళాల్సిన విషయం. కరోనా టైంలో ఇమ్యూనిటీ అని తిప్పతీగ తెగ తాగారు గుర్తుందా, అప్పుడు ముంబైలో డాక్టర్లు లివర్ దెబ్బతిన్న కేసులు రాస్తే ఆయుష్ శాఖ కాదంది, ఆ వాదన ఇప్పటికీ నడుస్తూనే ఉంది, ఎవరిది రైటన్నా మూలిక అయితే చాలు ఎంత కాలమైనా వాడేయొచ్చు అనేది మాత్రం తప్పు.

మీ ఆయన కొలెస్ట్రాల్ ఆలోచన ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు, అందులో పాపం ఒక నిజం ఉంది. 1960లలో బెనారస్ హిందూ యూనివర్సిటీలో గుగ్గులు మీద పరిశోధన జరిగింది, కుందేళ్ళలో కొవ్వు తగ్గింది, తర్వాత లక్నోలో సీడీఆర్ఐ అనే ప్రభుత్వ మందుల పరిశోధన సంస్థ వాళ్ళు దాని నుంచి గుగులిపిడ్ తయారుచేస్తే 1980లలో మన దేశంలో కొలెస్ట్రాల్ మందుగా అమ్మకానికి అనుమతి కూడా వచ్చింది. మన దేశంలో చేసిన స్టడీల్లో తగ్గినట్టే వచ్చింది. అయితే 2003లో అమెరికాలో 103 మంది మీద ఎనిమిది వారాలు ఉత్తుత్తి మాత్రతో పోల్చి చూస్తే గుగ్గులు వాడినవాళ్ళకి చెడ్డ కొలెస్ట్రాల్ తగ్గలేదు సరికదా నాలుగైదు శాతం పెరిగింది, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ళకే కొంచెం తగ్గింది, కొందరికి దద్దుర్లు అదనం. తిండి తేడా అనీ మనుషుల తేడా అనీ దాని మీద వాదనలు జరిగాయి, జరగనివ్వండి, గుండెపోటు రాకుండా చూసిన రుజువు స్టాటిన్‌కి దండిగా ఉంది, గుగ్గులుకి లేదు. మీ ఆయన స్టాటిన్ ఎందుకు వేసుకుంటున్నారో మీరు రాయలేదు, ఒకవేళ స్టెంట్ పడ్డ మనిషో సుగర్ ఉన్న మనిషో అయితే ఆపడం అనేది అసలు చర్చకే రాకూడదు. స్టాటిన్‌తో ఒళ్ళునొప్పులు వస్తున్నాయని ఆపాలనుకుంటుంటే ఆ సంగతి డాక్టర్‌కి చెప్తే డోసు తగ్గిస్తారు లేదా ఇంకో రకం ఇస్తారు. రెండూ కలిపి వేసుకుంటా అన్నా వద్దనండి, రెండిటికీ కండరాలతోనూ లివర్‌తోనూ పేచీ ఉంది.

సరే, మూడు నెలలు బాగుందన్న ఆవిడకి వట్టిగా మానేయండి అంటే ఊరుకుంటారా, ఊరుకోరు. అందుకని నేనైతే ఇలా చేస్తా. ప్రస్తుతానికి గుగ్గులు ఏదీ వద్దు, యోగరాజ కూడా. గుండె డాక్టర్ దగ్గరికి అన్ని గోలీలూ ఒక కవర్లో వేసుకుని వెళ్ళి, ఆయుర్వేదంవి కూడా బల్ల మీద పెట్టి, డిల్టియాజెం బదులు ఇంకేదైనా కుదురుతుందా లేక గుగ్గులే మానాలా అని అడగండి. ఇంట్లో మూలన డబ్బాలు దాచి డాక్టర్ దగ్గర నోరు మెదపకపోవడం వల్లే సగం తలనొప్పులు. ఆయన సరే అంటే అప్పుడు ఆయుర్వేద డాక్టర్ దగ్గరికి, ఆయనకి ఈ బీపీ థైరాయిడ్ మందుల పేర్లు చూపించి, పేరు ముందు మహా లేని, భస్మాలు లేని మందే రాయమని, ఎన్ని వారాలో కూడా చీటీ మీద రాయమని అడగండి. మీకు వరంగల్‌లో అనంతలక్ష్మి ప్రభుత్వ ఆయుర్వేద కాలేజీ హాస్పిటల్ పక్కనే ఉంది, షాపు సలహా కంటే అక్కడి ఓపీ క్యూ నయం.

కొనేటప్పుడు డబ్బా మీద ఇంగ్రీడియెంట్స్ వరస మొత్తం చదవండి, లైసెన్స్ నంబర్, బ్యాచ్ నంబర్, తయారీ తేదీ, ఎక్స్‌పైరీ ఉండాలి. భస్మ, సిందూర, రస, పారద (పాదరసం) అనే మాటలు కనపడితే అది చెట్ల మందు కాదని అర్థం. పాదరసం లాంటి విషపదార్థాల జాబితాలో ఉన్నవి కలిస్తే డాక్టర్ పర్యవేక్షణలోనే వాడాలి అని డబ్బా మీద ఇంగ్లీషులో హిందీలో హెచ్చరిక రాయాలని రూల్, తెలుగులో ఉండాలని లేదు, అదే మన ఖర్మ. భస్మాలు లేని మందులకి కూడా సీసం 10, పాదరసం 1, ఆర్సెనిక్ 3, కాడ్మియం 0.3 పీపీఎం (పది లక్షల భాగాల్లో అన్ని భాగాలు) దాటకూడదు అని లిమిట్లున్నాయి, 2006 నుంచి బయటి దేశాలకి ఎగుమతి చేసేవాటికి ఈ టెస్టులు తప్పనిసరి చేశారు. మరి ఇక్కడ మనం తినేవాటి సంగతేంటి అని నాకూ ఒళ్ళు మండుతుంది. 2008లో అమెరికాలో ఇంటర్నెట్‌లో కొన్న 193 ఆయుర్వేద మందులు టెస్ట్ చేస్తే ఐదింట ఒక దాంట్లో సీసమో పాదరసమో ఆర్సెనికో దొరికింది, భస్మాల రకంలో నూటికి 40, వట్టి మూలికల రకంలో నూటికి 17. ఆ రెండో లెక్క చూడండి, అందుకే కొంచెం పేరున్న కంపెనీ, టెస్ట్ రిపోర్ట్ అడిగితే ఇచ్చే కంపెనీ సరుకే తీసుకోండి, డబ్బా లేకుండా పొట్లాం కట్టి ఇచ్చేవి వద్దు.

గుగ్గులు చెట్టు రాజస్థాన్, కచ్ వైపు ఎండు నేలల్లో పెరిగే ముళ్ళ పొద, బంక కోసం ఎడాపెడా గాట్లు పెట్టి పెట్టి ఇప్పుడు అంతరించిపోయే దశకి తెచ్చారు, సరుకు తగ్గేసరికి వేరే బంకలు కలపడం ఎక్కువైంది. పూజసామాన్ల షాపులో ధూపానికి మైసాక్షి అని అమ్మేది తెచ్చి దంచుకుని మింగే మహానుభావులు కూడా ఉన్నారు, మీ అత్తమ్మగారికి ఆ ఐడియా రానివ్వకండి, మందులోకి వేసే గుగ్గులుని త్రిఫలా కషాయంలోనో దేంట్లోనో ఉడికించి వడకట్టి శుద్ధి చేస్తారు, పచ్చిది కడుపునీ చర్మాన్నీ గోల పెట్టిస్తుంది.

ఇంకొక్కటి, మోకాళ్ళ నొప్పులకి లేబుల్ లేని పొడులు, నల్ల మాత్రలు ఊరూరా ఇస్తుంటారు కదా, రెండు రోజుల్లో లేచి పరిగెత్తేంత మార్పు వచ్చిందంటే ఆనందపడకుండా అనుమానపడండి, మూలికలు అంత స్పీడుగా పని చేయవు, అలాంటి వాటిలో స్టెరాయిడ్ పొడి కలిపినట్టు టెస్టుల్లో చాలాసార్లు దొరికింది. మొహం ఉబ్బడం, ఆకలి విపరీతం కావడం, సుగర్ పెరగడం దాని గుర్తులు. మహాయోగరాజకి నేను సడన్‌గా ఆపినా ఏం కాదన్నా గానీ ఆ పొడుల్ని నెలల తరబడి వాడి ఉంటే మాత్రం సొంతంగా ఒక్కసారి ఆపకూడదు, డాక్టర్ మెల్లగా తగ్గించాలి.

మోకాళ్ళకి అసలు పని చేసేది బోర్ కొట్టే విషయమే, తొడ కండరం గట్టిపడే ఎక్సర్‌సైజ్. కుర్చీలో కూర్చుని కాలు చాచి పది లెక్కపెట్టి దించడం, రెండు కాళ్ళకీ, ఫిజియో ఒకసారి నేర్పితే ఇంట్లోనే చేసుకోవచ్చు. బరువుంటే తగ్గడం, ఒక్క కిలో తగ్గితే వేసే ప్రతి అడుగులో మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుందని లెక్క. కింద కూర్చుని కూరగాయలు తరగడం, బతుకమ్మ పూలు గుట్టలు పోసుకుని నేల మీద గంటల తరబడి పేర్చడం మానేసి కుర్చీ స్టూలు వాడమనండి, బాత్‌రూంలో కమోడ్. పొద్దున లేవగానే గంటకి పైగా కీళ్ళు బిగుసుకుపోతున్నా, వేళ్ళ కీళ్ళు వాస్తున్నా అది అరుగుదల కాకపోవచ్చు, రుమటాయిడ్ అనే కీళ్ళవాతం అయితే దానికి మందు వేరే, గుగ్గులుతో టైం గడిపేస్తే కీళ్ళు వంకరపోతాయి.

అత్తమ్మగారికి ఇదంతా చెప్పేటప్పుడు "మీ మందు మంచిది కాదట" అని మొదలుపెట్టకండి, షాపువాళ్ళు మందు మార్చి ఇచ్చారట, డాక్టర్ రాసింది ఇది కాదట అని చెప్పండి, నిజం కూడా అదే, ఆవిడ తప్పు అందులో ఏం లేదు. మిగిలిన మహాయోగరాజ డబ్బా పారేయొద్దు, బిల్లుతో సహా జాగ్రత్తగా పెట్టండి, బ్లడ్ లెడ్ రిపోర్టులో ఏమైనా వస్తే డాక్టర్‌కి ఆ బ్యాచ్ నంబర్ కావాలి, ఆయుర్వేద మందుల వల్ల ఇబ్బంది వస్తే రాసుకోవడానికి ఆయుష్ వాళ్ళ ఫార్మకోవిజిలెన్స్ ప్రోగ్రాం 2018 నుంచి నడుస్తోంది, ఢిల్లీలో ఆల్ ఇండియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆయుర్వేద నుంచి, ఆయుర్వేద కాలేజీ హాస్పిటల్‌లో అడిగితే ఆ ఫారం ఎలా నింపాలో చెప్తారు. డబ్బా పెట్టే చోటు మాత్రం ఇంట్లో పిల్లలుంటే వాళ్ళకి అందని చోటు చూడండి.